ఒక మూత మందు

పొద్దున పూట ఆ ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా వినిపించదు. ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం మంచం కింద వెతుకుతూనే కోడలు అత్తగారికి పనులు పురమాయిస్తుంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు యజమాని ఆలస్యమైతే ముఖం మాడ్చుకునే రకం మరి.

"అత్తయ్యా, బుడంకాయ్‌కి జలుబు మందు మర్చిపోకండి. టిఫిన్ తిన్నాక ఒక మూత పొయ్యండి."

"పోస్తాలేవే తల్లీ. వాడి సంగతి నాకొదిలెయ్, నువ్వు బయల్దేరు."

ఇల్లు పీకి పందిరేసే ఆ నాలుగేళ్ళ మనవడు మధ్యాహ్నానికి మత్తుగా పడుకున్నాడు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తున్నాడు. అత్తగారు కొడుక్కీ కోడలికీ ఫోన్లు చేసి, మందు సీసా చేత్తో పట్టుకుని, పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

కోడలు వచ్చేసరికి డాక్టరమ్మ వాణ్ణి పరీక్షించడం అయిపోయింది. "ప్రమాదమేం లేదు. మందు ఎక్కువైంది, అందుకే ఈ మత్తు. కొన్ని గంటలు ఇక్కడే ఉంచి చూద్దాం."

ఆ మాటతో కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటే కోపమూ వచ్చింది.

"ఎంత పోశారత్తయ్యా? కళ్ళు ఆనకపోతే ఆనడం లేదని చెప్పాలి కదా! పిల్లల్ని పెంచానని ఊరంతా చెప్పుకుంటారే, ఇదేనా పెంచడం?"

వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ సీసా అందుకుని మూత విప్పి చూసింది. "దీంతోనా పోశారు? ఈ మూతలో పొయ్యాల్సిన దానికి రెండింతలు పడుతుంది. పైగా ఇది ఘాటు ఎక్కువున్న రకం. పెట్టెలో గీతల కప్పు ఉంటుంది కదమ్మా? మూత, చెంచా అనుకోకూడదు. ఏ గీత వరకో చూసి పొయ్యాలి. మూతతో పొయ్యమని ఎవరు చెప్పారు?"

కోడలు ఆ మూత వైపు చూసింది. పాత సీసా మూత చిన్నది, దాని కొలతే ఆ ఇంట్లో అందరికీ అలవాటు. నిన్న షాపు నుంచి వస్తూ వేరే కంపెనీ సీసా కొన్నది తనే. పెట్టె చింపి, కప్పుతో సహా చెత్తబుట్టలో పడేసిందీ తనే.

"మూతతో పొయ్యొచ్చని నేనే అనుకున్నానమ్మా," అంది అత్తగారు.

అప్పుడే వచ్చిన భర్త తల్లి మీద విరుచుకుపడ్డాడు. "ఇకనుంచి నువ్వు మందుల జోలికి రాకమ్మా!" అప్పుడైనా కోడలు నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

సాయంత్రానికి పిల్లాడు తేరుకున్నాడు. ఇంటికి రాగానే తల్లి చంకలోంచి "నానమ్మా" అంటూ చేతులు చాచాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నువ్వే ఎత్తుకో అమ్మా. నాకెందుకొచ్చిన గొడవ."

ఆ మాటతో కోడలికి తల కొట్టేసినట్టయింది. పిల్లాణ్ణి దించి, భర్తవైపు తిరిగింది.

"ఆవిడ తప్పేం లేదండీ. ఒక మూత పొయ్యమన్నది నేను. కప్పు పారేసింది నేను. అక్కడ నోరు మూసుకుని నిలబడ్డదీ నేనే."

భర్త నిర్ఘాంతపోయి తల్లి ముఖం చూశాడు. "మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే దాని మీద పడేవాడివి. ఉద్యోగం మానెయ్యమనేవాడివి. నిన్ను నేనెరగనా?"

కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించండత్తయ్యా."

ఆవిడ కోడలి తల మీద చెయ్యి వేసింది.

"నిన్ను కాచడం నాకేం కష్టం కాలేదే. ఇంకోసారి తిట్టాలనిపిస్తే ఇంట్లో తిట్టు, పడతాను. నలుగురిలో మాత్రం వద్దు."

కోడలు ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. పిల్లాడు మళ్ళీ చేతులు చాచినా, ఆవిడ ఇంకా ఎత్తుకోలేదు.