కాల్చని ఇటుకలు

ఆ ఇల్లు చూసినవాళ్లంతా నోరు వెళ్లబెట్టేవాళ్లు. నిలువెత్తు అద్దాలు, మూలలు లేని గదులు, హాలు మధ్యలో పారే సన్నటి కాలవ. గోడలైతే సిమెంటువి కానే కావు. రంపపు పొట్టులో పుట్టగొడుగుల బూజు పెంచి, అచ్చుల్లో నొక్కి చేసిన ఇటుకలు. అచ్చులోంచి తీశాక వాటిని బట్టీలో పెట్టి లోపలి బూజును చంపాలి. తనకోసం దాన్ని కట్టించుకున్న డిజైనర్ మహాశయుడికి మనసొప్పలేదు. "బతికున్నదాన్ని చంపేసి, ప్రకృతితో కలిసి ఉంటున్నామని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?" అన్నాడు. ఇటుకల్ని పచ్చివి పచ్చివిగానే పేర్పించాడు.

ఆ ఇంట్లో చేరిన కొద్దిరోజులకే అతని భార్యకు ముద్ద దిగడం మానేసింది. ఎక్కడ చూసినా పులిసిన కంపు. దిండుకి, పాలగ్లాసుకి, ఉతికి ఆరేసిన బట్టలకి కూడా. ఆ రోజు వాన వెలిసిన మధ్యాహ్నం, సోఫా వెనక్కి జారిన దువ్వెన కోసం చెయ్యి పెడితే గోడ తగిలింది. వెచ్చగా ఉంది. చెయ్యి తీస్తే వేళ్లతోపాటు తెల్లటి జిగురు, చీమిడిలా సాగింది. ఛీ ఛీ! వేళ్లు తుడుచుకుంటూ మొగుడి దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, ఇక నా వల్ల కాదు. పాపని తీసుకుని అన్నయ్య వాళ్లింటికి వెళ్లిపోతున్నా."

"అబ్బ, కాస్త చెమ్మకే ఇంత గోలా? తుడిస్తే పోయేదానికి!" అంటూ డిజైనర్ గోడని ముద్దుగా నిమిరాడు.

ఆమెకి ఒళ్లు మండింది. "అయితే ఆ గోడతోనే కాపురం చేసుకోండి!"

విసురుగా పాప గదిలోకి వెళ్లింది. నాలుగేళ్ల పిల్ల గోడకి మొహం ఆనించి నిలబడి ఉంది. ఏదో చప్పుడు... చప్పరిస్తున్న చప్పుడు.

"చిట్టీ... ఏం చేస్తున్నావే?"

పాప తిరగలేదు. ఆమె పిల్ల భుజం పట్టి లాగింది. బుగ్గ గోడనుంచి ఊడి రాలేదు. మళ్లీ లాగింది... తడిగుడ్డ చిరిగినట్టయింది.

గోడలో చిన్న గుంట. లోపల ఎర్రగా, తడిగా. పాప నోరు మూసే ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు.

"నేను కాదమ్మా," పాప గుసగుసలాడింది. "అదే..."

పిల్లని చంకనేసుకుని ఆమె పరుగో పరుగు. కాళ్లకి చెప్పుల్లేవు. మొగుడు వెనక నుంచి పిలుస్తున్నా కారు ఆపలేదు. ఊరు దాటాక రోడ్డు పక్కన ఆపి, పాప మొహమంతా నీళ్లతో కడిగింది. ఆ కంపు పోయింది. హమ్మయ్య!

"బయటపడ్డాం తల్లీ," అంటూ బుగ్గ పుణికింది.

వేళ్లు మెత్తగా లోపలికి దిగాయి. ఉలిక్కిపడి తీసేసింది. పాప ఏడవలేదు. బుగ్గలో పడిన గుంటలు ఎంతసేపటికీ పూడలేదు.

"ఇంకా నొక్కమ్మా," అంది పాప, హాయిగా కళ్లు మూసుకుని.