మెడ మాత్రం నున్నగా

మేడ్చల్ స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు మాది. 1943, చలికాలం. మా నాయిన ఏలియా చుట్టుపక్కల చర్చిలకు బొమ్మలు వేసిన మనిషి. కళ్ళు పోయాక వేళ్ళతోనే చూసేవాడు, కుడిచేతి నడిమి వేలు సగమే ఉన్నా సరే. నాకు పాఠమూ అలాగే చెప్పాడు. ముందు పాత బొమ్మను తడమాలి, రంగు ఎక్కడ ఎంత మందమో వేలికి తెలియాలి, ఆ తర్వాతే కుంచె.

నేను దించుతున్నది నాయిన ఎప్పుడో వేసిన అమ్మ బొమ్మ. నాకు ఏడాది నిండకముందే జ్వరంతో పోయిందట. ఒక్క ఫొటో కూడా లేదు. ఆ బొమ్మను బొల్లారం చర్చికి ఇచ్చేస్తానని నాయిన మాట ఇచ్చాడు. ఆదివారం బండి వస్తుంది. ఆలోగా నా నకలు కుదరకపోతే అమ్మ ముఖం మా ఇంట్లో ఉండదు. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే తిరగాలనిపించేది. అన్నం మీద ధ్యాసే లేదు.

శుక్రవారానికి జుట్టూ చీర అంచూ కుదిరాయి. అంచు మీద రంగు సీతాఫలం తొక్కలా గరుకు. నాయిన తడిమి తలూపాడు. ఉన్నది ఉన్నట్టు దించమని చంపుకుతినే మనిషి, మెడ దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"మెడ మాత్రం నున్నగ వెయ్యి బిడ్డా. పాతదాన్ని ఆడ ముట్టకు."

"ఎందుకు నాయినా?"

"చెప్పింది జెయ్యి."

ముట్టొద్దంటే ఊరుకునే రకం కాదు నేను. ఆయన పెరట్లోకి పోగానే పాత బొమ్మలో అమ్మ మెడలోని పూసల దండ కింద వేలు పెట్టాను. రంగు మీద రంగు, గోడకు గిలాబు చేసినంత మందం. అంత నింపినా పూడని సొట్టలు... ఒక పక్క ఒకటి. ఇంకో పక్క నాలుగు.

నాలుగింటిలో నడిమి వేలిది సగమే.

నాయిన తిరిగి రాగానే కుంచె అందుకున్నాను. నా పిరికితనానికి నాకే సిగ్గేసింది. మెడ నున్నగా వేశాను.

ఆదివారం బండి అమ్మను తీసుకుపోయింది. మాపటేళ నాయిన నా బొమ్మను పైపైన తడిమాడు, మెడ వదిలేసి.

"కుదిరింది. గిది మనింట్లనే ఉండనీ."

ఏడుపొచ్చింది నాకు. ఆయన వేళ్ళకంటిన రంగు గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులూ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. గదిలో రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన ఎక్కువైంది. అప్పుడు వినిపించింది, బొమ్మ వైపు నుంచి... తడి బురదలో వేలు దిగినట్టు. ఒకటి.

ఆగి... నాలుగు.

నాయిన కదల్లేదు.

"పడ్డయా?" అన్నాడు, గుసగుసగా.

చూడాలంటే దీపం ఎత్తాలి. ఎత్తలేదు. ఆయన చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి, నేను తుడిచిన చేతులే. ఆ సగం వేలి కొస మాత్రం తడిగా, జిగటగా తగిలింది.