రెనాల్ దొర దుబాసీ

పొద్దుటే రెనాల్ దొర గుడారం ముందు కూచుని పిలుపు కోసం కనిపెట్టుకుని ఉండడం నా పని. నా పేరు వరాహనరసింహం. మాది విజయనగరం దగ్గర పల్లె. యానాంలో ఒక కొట్లో గుమాస్తాగా ఉండగా ఫ్రెంచి భాష పట్టుబడింది. ఫ్రెంచివాళ్లని మేం పరాసులనేవాళ్లం. వాళ్లు ఉత్తర సర్కార్లు ఏలుతున్న ఆ నాలుగైదేళ్లూ, వాళ్ల మాట మనవాళ్లకీ మన మాట వాళ్లకీ చెప్పే దుబాసీ అంటే దొర తరవాత దొర.

రెనాల్ దొరని పైవాళ్లు కొండల మీదికి రాయబారం పంపేరు. పైకి రాయబారం. లోపలి పని వేరు. ఏ కనుమలోంచి ఫిరంగి బళ్లు ఎక్కుతాయో, ఏ వాగు ఏ నెలలో దాటొచ్చో చూసి కాగితం మీద గీసుకోవాలి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. రాయగడ దగ్గర నాగావళి దాటి, కొరాపుట్ దిక్కున ఒక పాత్రుడి కోట చేరేం. పాత్రుడంటే ఆ చుట్టుపక్కల కొండలకి చిన్న రాజు.

దర్బారుకి వెళ్లే రోజున దొర నీలం కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, కత్తి కట్టుకునేవారు. పాత్రుడి తల్లి లోపలికి రమ్మని కబురంపిన రోజున గౌను వేసుకుని, జుట్టుకి వాసన పిండి చల్లుకుని, దొరసానిగా వెళ్లేవారు. మగవేషంలో తిరిగే దొరసాని అని కోటవాళ్లు అనుకునేవారు. ఆడవేషం మీద మోజున్న దొర అని మా బోయీలు అనుకునేవారు. తెలుగులో నోరు విప్పితే వచ్చేడో వచ్చిందో తేల్చి చెప్పాలి. నేను తేల్చలేదు. దొరవారు వచ్చేరు, దొరవారు అన్నారు అని దాటేసేవాణ్ణి.

ఎనిమిది నెలలు దొరవారి ప్రతి మాటా ముందు నా చెవిలో పడి, ఆ తరవాతే లోకానికి తెలిసేది. నవ్వొస్తే ముందు నాకేసి చూసి నవ్వేవారు. మా ఆవిడ శ్యామలాంబ దగ్గర కూడా నాకంత చనువు లేదు. ఇలా అంటే తప్పే. కాని నిజం.

ఆషాఢంలో పుణ్యవతి వచ్చింది.

కొట్పాడు మగ్గాలవాళ్ల మనిషి. మొగుడు పోయేడు. తల్లిది సాలూరు కాబట్టి తెలుగు వచ్చు. ఎర్ర అంచు చీరలు అమ్ముకోవడానికి కోటకి వస్తే దొరవారు పిలిపించి, చీర కట్టడం నేర్పమన్నారు. నూలుకి ఆముదం పట్టించి గాని రంగు వెయ్యరట. ఆమె చేతులు ఎప్పుడూ ఆముదం వాసన వేసేవి, నడిస్తే కాలి అందెలు ఘల్లుమనేవి. నాలుగు రోజులనుకున్నది నెల దాటింది. గుడారం లోపల ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే నేను బయట వానలో తాటాకు గొడుగు కింద కూచునేవాణ్ణి.

ఒకనాడు లోపల్నించి దొరవారి గొంతు వినిపించింది. "పున్యవతీ, మంచినీల్లు."

తెలుగు. నేను నేర్పని తెలుగు. అచ్చం పుణ్యవతి యాసే.

ఆమె కుండతో బయటికొస్తే ఆపేను. "దొరవారు లోపల ఏం చెబుతుంటారు?"

"ఏటేటో సెప్తారు."

"ఏ భాషలో?"

"మాకొచ్చిన బాసలో," అని నవ్వింది.

గొంతు తగ్గించి అడిగేను. "బట్టలు కట్టేది నువ్వే కదా. నీకు తెలిసే ఉంటుంది. దొరా, దొరసానా?"

ఆమె నవ్వు ఆపింది. "నాకు తెల్సు. మీకెందుకు బాబూ?"

ఆ మాట ముల్లులా దిగింది. తిండి సయించేది కాదు. ఆమె ఎప్పుడు పోతుందా అన్న ఆలోచనే. ఆమె వెళ్లిపోవాలనుకున్నాను, అంతే. ఆమె చావాలనుకోలేదు.

శ్రావణంలో పాత్రుడి మనుషులకి దొరవారి కాగితాలు దొరికేయి. పుణ్యవతి చీరల మూటలో దాచి ఉన్నాయి. మిట్టమధ్యాన్నం ముగ్గుర్నీ దర్బారుకి పిలిపించేరు. బయట వాన పడుతోంది. పాత్రుడికి తెలుగు బాగా వచ్చు. కాగితాలు నా ముందు పరిచేడు.

"మా కనుమలు ఎవరు కొలిచేరు, ఎవరు గీసేరు? నీ దొరని అడుగు."

అడిగేను. దొరవారు ఫ్రెంచిలో నెమ్మదిగా చెప్పేరు. "నేనే. ఈమెకి ఏమీ తెలీదు. ఈమెని ఇంటికి పంపెయ్యమను."

నేను పాత్రుడి వైపు తిరిగేను. నా నోట వచ్చింది ఇది: "దారులన్నీ ఈవిడే చూపించిందట. ఈవిడ చెప్పినట్టే గీసేనంటున్నారు."

పుణ్యవతి తల తిప్పి దొరవారికేసి చూసింది.

పాత్రుడు కాగితాలన్నీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ తరవాత అన్నాడు. "రాయబారిని నేను ముట్టను. రేపు కొండ దిగి పొమ్మను. ఈవిడ మా మనిషి. మా దారులు పరాయివాళ్లకి చూపించింది. ఈవిణ్ణి లోయ అంచుకి తీసుకుపోయి తోసెయ్యండి."

అప్పుడు దొరవారు తెలుగులో మాట్లాడేరు. "గీసింది నాను. ఈ మనిసి తప్పు సెప్పేడు."

పాత్రుడు నావైపు చూసేడు. "ఏది నిజం?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ యాస విన్నాక చెప్పలేకపోయేను. "నేను చెప్పిందే నిజం బాబూ. దొరవారు జాలిపడి అలా అంటున్నారు," అన్నాను.

దొరవారు నన్ను చూసేరు. కోపం లేదు. పనికిరాని వస్తువు మీంచి చూపు తిప్పుకున్నట్టు తిప్పుకున్నారు. వెళ్లి పుణ్యవతి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ వానలోకి నడిచేరు.

పొద్దుగూకకుండానే భటులు తిరిగొచ్చేరు. వాళ్లలో ఒకడు నాతో చెప్పేడు. "దొరని మేం తొయ్యలేదు బాబూ. ఆ చెయ్యి వదల్లేదు. అంతే."

నాకు ముందు ఏడుపు రాలేదు. నా చెయ్యైతే అలా పట్టుకునేవారా అనిపించింది.

మూడో రోజున పొట్టంగి కనుమ మీదుగా సాలూరు దిగుతున్నాను. మూట మోసేవాళ్లిద్దరూ ముందు నడుస్తున్నారు. ఇంకా మధ్యాన్నమే. ఎండ కూడా ఉంది. వంపు తిరిగేసరికి మబ్బు కిందికి దిగింది. ముందు చెట్లు పోయేయి. తరవాత కూలీలు పోయేరు. చివరికి నా కాళ్లు కూడా నాకు కనపడ్డం మానేసేయి. పక్షి కూత లేదు. ఆకుల మీంచి నీళ్లు కారే చప్పుడు ఒక్కటే.

అప్పుడు వాసన వచ్చింది.

ఆముదం... దానితో కలిసి జుట్టుకి చల్లే పిండి వాసన.

నిలబడిపోయేను. ముందు ఎవరో నడుస్తున్నారు. టక్... ఘల్లు... టక్... ఘల్లు... ఒక బూటు. ఒక అందె. ఒకదాని వెంట ఒకటి, తప్పకుండా.

మాటలు కూడా వినిపించేయి. రెండు గొంతులు. ఒకటి అంటోంది, రెండోది మెల్లగా నవ్వుతోంది. చెవులు రిక్కించేను. ఫ్రెంచి కాదు. తెలుగు కాదు. ఒరియా కాదు, కొండవాళ్ల దేశియా కాదు. ఒక్క ముక్కైనా అర్థం కాలేదు. నేను దుబాసీని. ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడుతూ ఉంటే అర్థం కాకపోవడం నాకు తెలీదు.

భయంతో వెనక్కి పరుగెత్తాలి. నేను ముందుకి పరుగెత్తేను. వాళ్లు ఏం చెప్పుకుంటున్నారో నాకు కావాలి.

"దొరవారూ... ఒక్క మాట..."

అడుగులు ఆగలేదు. నేను దగ్గరయ్యేను. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఉన్నది ఇద్దరు కాదు.

ఒక్కరే.

నీలం కోటు. దాని కింద ఎర్ర అంచు చీర. ఎడమ కాలికి బూటు. కుడి కాలు ఒట్టిది, అందె ఉంది. వీపు ఒక్కటే. ఆ వీపులోంచి రెండు గొంతులు.

"దొరవారూ..."

ఆగింది. తల తిప్పలేదు. నవ్వు ఆగిపోయింది. రెండు గొంతులూ కలిసి, తెలుగులో, గుసగుసగా...

"మీకెందుకు బాబూ?"

కోటు చెంగు పట్టుకోబోయేను. చేతికి తడి తగిలింది. అప్పుడే వెనక నుంచి ఎవరో నా నడుం పట్టి లాగేరు. నా కేక విని వెనక్కొచ్చిన కూలీలు. నా కుడి కాలు దారి మీద లేదు. కింద ఉత్త మబ్బు.

ఇల్లు చేరేను. దుబాసీ పని మానేసేను. పొలం చూసుకుంటూ కార్తీకం దాకా బాగానే ఉన్నాను. ఒకరోజు అన్నానికి కూచుని శ్యామలాంబని మజ్జిగ పొయ్యమన్నాను. ఆవిడ చేతిలో ముంత అలాగే ఉండిపోయింది. "అలాంటి మాటలనకండి. నేనేం చేసేను?" అంది.

"మజ్జిగ అడిగేను," అన్నాను.

ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ సాయంత్రమే పిల్లని చంకనెత్తుకుని పుట్టింటికి పోయింది.

వారం పోయేక మా బావమరిది సన్యాసయ్య వచ్చేడు. గుమ్మం లోపలికి రాలేదు.

"అక్క రాదు బావా. మీరన్న మాటలు నాతో కూడా చెప్పనంది. ఒకటి మాత్రం అడగమంది." వీధి వైపు చూసి, మళ్లీ నావైపు తిరిగేడు. "మీ నోట్లోంచి రెండు గొంతులొచ్చేయట. ఒకటి ముందు చెబితే రెండోది దుబాసీలా దాన్ని తిరగేసి చెప్పిందట. ఎవరు వాళ్లు?"

గుమ్మం దాకా వెళ్లి అడిగేను. "అందులో నా గొంతు లేదా?"

సన్యాసయ్య మెట్టు దిగేడు. నా మొహంలోకి చూడకుండా, మర్యాదగా, చాలా మెల్లగా అన్నాడు.

"మీ ఇద్దర్లో ఎవరడుగుతున్నారు?"