పదికి రెండు మార్కులు

ఆ ఉదయం కొరియా రేవు పట్టణం గున్సాన్‌లో సన్నగా వాన పడుతోంది. మల్సూన్ ఎండు ముల్లంగాకు చారు గిన్నెలో పోసి కూతురి ముందు పెట్టింది. సోల్‌బి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. చదువు అయిపోయి ఏడాదైనా ఆమెకు ఉద్యోగం రాలేదు గానీ, ఒక ఆన్‌లైన్ గ్రూపులో మాత్రం బాగా పేరొచ్చింది. ఎవరి ప్రొఫైల్ ఫోటో కనపడినా పదికి మార్కులు వేసి, ఎందుకు వేసిందో విడమరిచి రాస్తుంది. ఎంత ఘాటుగా రాస్తే అన్ని చప్పట్లు.

మల్సూన్ ఎదురుగా కూర్చుంది. బడి వంటశాలలో తనతో పనిచేసే ఆవిడ నిన్న నవ్వుతూ ఒక ఫోటో పంపిందనీ, దాని కింద రాసినవి తనకు సగం అర్థం కాలేదనీ చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టింది.

అజేలియా పూల ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న మల్సూన్. కళ్ల మీద మాత్రం నల్లగీత. వారం కిందట, ఇంకే ఫోటో దొరక్క, దాన్ని ఆ గ్రూపులో పెట్టింది సోల్‌బియే. పోస్టు పైన ఆమె మారుపేరు ఉంది. ఆ పేరు తల్లికి తెలుసు.

"చదువు," అంది మల్సూన్.

"అది ఊరికే సరదాకి అమ్మా..."

"చదువు. నిన్ను చదివించింది నేనేగా."

సోల్‌బి చదివింది. పదికి రెండు, ఆ రెండూ పూలకి. అరవయ్యేళ్ల ముసల్దానికి పదహారేళ్ల సిగ్గు. చెయ్యి తీస్తే వెల్లుల్లి కంపుకి పూలు వాడిపోతాయి.

"పదహారేళ్ల సిగ్గంటే ఏమిటి?"

సోల్‌బి ఫోన్‌ని బల్ల మీద బోర్లా తిప్పింది.

"రాసినదానివి, అర్థం చెప్పలేవా?"

మల్సూన్ పైపెదవి ఎత్తి చూపించింది. ముందు పళ్లు మూడు లేవు. రెండేళ్ల కిందట వంటశాలలో తడినేల మీద జారితే గంగాళం అంచు తగిలిందట. అప్పుడు కూతురికి పరీక్షలు, అందుకని చెప్పలేదట. తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలియలేదట.

"నువ్వు నా మొహం చూసిందెప్పుడు?" అని, గొడుగు తీసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం సోల్‌బి గ్రూపులో తన సొంత ఫోటో పెట్టి, ఆ పూల ముందున్నావిడ మా అమ్మ, తప్పయిపోయింది అని రాసింది. గంటలో అందరూ మీద పడ్డారు. పదికి సున్నా. కన్నతల్లిని అమ్ముకున్న కళ్లు. ఈ ఏడుపూ చప్పట్ల కోసమే. సగం వాక్యాలు ఆమె నేర్పిన పద్ధతిలోనే ఉన్నాయి. రెండు రోజులు సోల్‌బి గదిలోంచి రాలేదు. మల్సూన్ పిలవలేదు.

మూడో రోజు మల్సూన్ జావగిన్నెతో తలుపు తోసుకుని వచ్చింది. మంచం మీద పడి ఉన్న ఫోన్ తీసి, నిలబడే చాలాసేపు చదివింది.

"నా కూతురికి మార్కులు వెయ్యడానికి వీళ్లెవరు? నిన్ను తిట్టాల్సింది నేను."

సోల్‌బి తల్లి నడుముని చుట్టేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మల్సూన్ ఆ చేతులు విడిపించుకోలేదు, తల నిమరనూ లేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, చెంచా చేతికిచ్చింది.

"నేనింకా నిన్ను క్షమించలేదు. ముందు తిను."