దర్జీ కుట్టిన సీసా

బావను చంపినవాడు బఫేలో బొప్పాయి ముక్కలు తింటున్నాడు. తీరిగ్గా, ఒక్కో ముక్క మీదా నిమ్మరసం పిండుకుంటూ.

మూడు టేబుళ్ల అవతల కూర్చున్న ఏజెంట్‌కు చేతులు దురద పెట్టాయి. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మొండి అంటారు. ఈ విహార నౌకలో మాత్రం పువ్వుల చొక్కా వేసుకున్న టైల్స్ వ్యాపారి. చెవిలో ఉన్నది చూడటానికి వినికిడి మెషీన్, నిజానికి రేడియో.

"చేతులు దగ్గర పెట్టుకో," అన్నాడు రేడియోలో చీఫ్. "వాడు ప్రాణాలతో కావాలి. విదేశీ ముఠా గుట్టంతా వాడి నోట్లోనే ఉంది."

"మా అక్కకేం చెప్పమంటారు సార్?"

"అక్క సంగతి తర్వాత. మన రాకెట్ సైంటిస్టులు పెళ్లాం పిల్లలతో అదే ఓడలో ఉన్నారు. దర్జీ అక్కడెందుకు ఎక్కాడో ముందది చూడు."

దర్జీ అన్నది మారుపేరే, వాడు బతకడానికి బట్టలు కుట్టేవాడు కాదు. బాంబులకు గుడ్డ తొడుగులు చేత్తో కుట్టుకోవడం వాడికి సరదా. బాంబు పెట్టాక ఆ చోట వాడెప్పుడూ ఉండడు. మొండికి డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ కూడా అయిన బావను ఒక హోటల్ గదిలో కుర్చీకి కట్టేసి, పక్కన బాంబు పెట్టి, కాఫీ తాగడానికి కిందికి దిగిపోయాడు. మొండి ఈ పనికి బయల్దేరేటప్పుడు అక్క ఒక్కమాటే అంది. "వాడు హాయిగా తిరుగుతున్నాడన్న మాట ఇక నా చెవిన పడకూడదురా."

ఓడ రేవులో ఆగింది. జనం చొక్కాలకు గుండ్రటి స్టిక్కర్లు అంటించుకుని, జెండా పట్టుకున్న గైడ్ల వెనక బడిపిల్లల్లా దిగారు. బస్సులన్నీ ఒకే రమ్ము దుకాణం ముందు ఆగాయి. గైడ్లకు కమీషన్ మరి. అందరూ ఒకే రకం సీసా కొన్నారు. ప్రతి సీసాకూ ఒక ముతక గుడ్డ సంచి. ఒడ్డున కొన్న మందు గదిలోకి తీసుకెళ్లనివ్వరు. ఓడ మెట్ల దగ్గరే సెక్యూరిటీవాళ్లు తీసుకుని, కింద స్టోర్‌లో తాళం వేసి, చివరిరోజున ఇస్తారు.

దుకాణంలో దర్జీ చాలా మర్యాదగా ఉన్నాడు. ముసలివాళ్ల సంచులు అందుకున్నాడు, దారిచ్చాడు. మొండి చూపు మాత్రం వాడి మెడ మీదే ఉంది. కోపంలో వాడి చేతులు చూడటం మరిచిపోయాడు.

మధ్యాహ్నం బీచ్‌లో దర్జీ పడక కుర్చీలో వాలాడు. ఓడలో పాటలు పాడే గాయని, పళ్లెమంత టోపీ, పల్చటి తోలు గ్లవ్స్‌తో వచ్చి మొండి పక్కన నిలబడింది.

"ఈ ఎండకు గొడుగు సరిపోదండీ."

"నాది అద్దె గొడుగు," అన్నాడు మొండి. కోడ్ కుదిరింది. ఆమె ఇటు డిపార్ట్‌మెంట్ దగ్గరా అటు దర్జీ దగ్గరా జీతం తీసుకునే మనిషని చీఫ్ ముందే చెప్పాడు.

"బాంబు ఓడెక్కేసింది," అందామె నవ్వు మొహంతోనే. "దుకాణంలో ఎవరి సీసానో సంచితో సహా మార్చేశాడు. ఓడ కదిలాక పేలుతుంది. అలారం కొట్టించకు. జనం దిగడం చూస్తే రేవులో వాడి మనిషి రిమోట్ నొక్కేస్తాడు."

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నావు?"

"సాయంత్రం షో మానొద్దని మరీ మరీ చెప్పాడు. కొత్త గౌను కూడా కొనిచ్చాడు." ఆమె పళ్లు బిగుసుకున్నాయి. "చచ్చేవాళ్లలో నన్నూ కలిపేశాడు, వెధవ."

మొండి ఆమెకు సన్‌స్క్రీన్ ట్యూబ్ ఇచ్చాడు. "వాడికి రాయి. గ్లవ్స్ మాత్రం తీయకు."

"ఇంకొంచెం కిందికి," అన్నాడు దర్జీ కళ్లు మూసుకుని. కాసేపటికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, నాలుక మొద్దుబారింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మొండి, చక్రాల కుర్చీ.

"పదండి మామయ్యగారూ. ఓడకు టైమవుతోంది."

మెట్ల దగ్గర సెక్యూరిటీ గార్డు జాలిగా చూశాడు. "ఏమైందండీ?"

"ఎండదెబ్బ. నీడలో కూర్చోమంటే వినలేదు."

"పెద్దవాళ్లు వినరండీ. నీళ్లు బాగా పట్టించండి."

సెక్యూరిటీ ఆఫీసర్‌తో చీఫ్ ముందే మాట్లాడి ఉంచడంతో స్టోర్ తాళం మొండి చేతికొచ్చింది. అరల నిండా వందల సీసాలు, అన్నీ ఒకే గుడ్డ సంచుల్లో. మొండి కుర్చీని వాటి మధ్య నిలబెట్టి, ఎదురుగా పెట్టె మీద కూర్చున్నాడు. కింద ఇంజన్ గుర్రుమంది. ఓడ కదిలింది.

దర్జీకి మాట తిరిగొచ్చింది. "నన్ను పైకి తీసుకెళ్లు."

"ఎందుకండీ? ఇక్కడ చల్లగా ఉందిగా."

"మొండీ!" చీఫ్ అరిచాడు. "ఏ సీసానో అడుగు!"

మొండి రేడియో తీసి జేబులో వేసుకున్నాడు. పైన ఈతకొలను దగ్గర పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి. వాళ్ల ప్రాణాలతో జూదమాడుతున్నానని అతనికి తెలుసు. అది తప్పనీ తెలుసు. అయినా అడగలేదు. పెట్టెను దర్జీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"మా బావను కట్టేసి వెళ్లారు కదా. ఆ రోజు కాఫీ బాగుందా?"

"నువ్వూ చస్తావు!"

"చస్తాను. తోడుంటాను లెండి. మా బావకు ఎవరూ లేరు."

దర్జీ నుదుటి మీది చెమట కళ్లలోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. ముందు బెదిరించాడు, తర్వాత డబ్బన్నాడు, ఆ తర్వాత అమ్మా అమ్మా అంటూ బావురుమన్నాడు. వెక్కిళ్ల మధ్య ఏదో చెప్పాడు.

"ఏడుస్తూ చెబితే అర్థం కావడం లేదండీ."

"అదిగో, పై అర! కుట్టు దగ్గర దగ్గరగా ఉన్న సంచీ! ఇక టైం లేదు, నీ కాళ్లు పట్టుకుంటాను!"

మొండి ఒక్క గెంతున లేచాడు. సంచులు తడుముతూ పోయాడు. ఒక్కదాని కుట్టు మాత్రం పెళ్లిబట్టలకు వేసినంత శ్రద్ధగా ఉంది. దాన్ని పట్టుకుని సరుకులు ఎక్కించే తలుపు దగ్గరికి పరిగెత్తి, ఉన్న బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు. అది నీళ్లు తాకుతూనే పేలింది. నీళ్లు తాడిచెట్టంత ఎత్తు లేచి అతని పువ్వుల చొక్కాను తడిపేశాయి. వీడ్కోలు బాణసంచా అనుకుని పై డెక్ మీద జనం చప్పట్లు కొట్టారు.

"ఎందుకింత ఆలస్యమైంది?" అన్నాడు చీఫ్, మొండి రేడియో మళ్లీ చెవిలో పెట్టుకోగానే.

"సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి సార్."

దర్జీకి బేడీలు పడ్డాక మొండి ఇంటికి ఫోన్ చేశాడు.

"చంపావా?" అంది అక్క.

"లేదక్కా. డిపార్ట్‌మెంట్‌కు అప్పగించాను."

అవతల గిన్నెలో గరిటె గట్టిగా తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఏడ్చాడక్కా."

"ఎవరు, వాడా?"

"వాడే. కదల్లేక, వాడి బాంబు పక్కనే కూర్చుని, చిన్నపిల్లాడిలా."

స్టవ్ కట్టేసిన చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించాయి.

"మొదట్నుంచీ చెప్పు," అంది అక్క. "తొందరేం లేదు, అన్నం తర్వాత తింటాను."