కరిచే చెప్పులు

అయినా ఆ చెప్పులాయన ఎందుకు నవ్వినట్టు?

చిన్ని మెట్ల మీద కూర్చుని, ఎర్రబడిన చిటికెన వేలిని నిమురుకుంది. కొత్త చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లిందో లేదో, కరిచేశాయి.

చిన్ని పాదాలు ముందు వెడల్పు, వెనక సన్నం. షాపుల్లో ఏ జత చూసినా వేళ్లు పట్టవు, పడితే మడమ జారిపోతుంది. "బాతు పాదాలకి చెరువే కరెక్టు, చెప్పులెందుకు?" అంటాడు అన్నయ్య. చివరికి అమ్మ కొలతలిచ్చి కుట్టించింది.

ఆ రోజు చెప్పులాయన కాగితం మీద పాదం పెట్టమన్నాడు. చుట్టూ పెన్సిల్‌తో గీస్తూ నవ్వాడు. తర్వాత అమ్మతో ఏదో గుసగుసగా అన్నాడు. అమ్మ తలూపింది.

ఏమని ఉంటాడు? 'ఇవి పాదాలా, పలకలా?' అనా? మరి అమ్మ ఎందుకు తలూపింది? అమ్మ కూడా ఆయన జట్టేనా?

రేపు క్లాసంతా నడిచి కొండ దగ్గరికి వెళుతోంది. పాత చెప్పులు తెగిపోయాయి. వీటితో అయితే సగం దారి కూడా నడవడం కుదరదు.

"అమ్మా, ఆయన కావాలనే చిన్నవి కుట్టాడు. తోలు మిగుల్చుకుందామని."

"నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలిసిపోయింది."

"అలాగా! పద, ఆ తెలిసిందేదో ఆయన దగ్గరే తేల్చుకుందాం."

"రండి రండి!" కొట్లోంచి చెప్పులాయన గట్టిగా పిలిచాడు. ఆయన ఒళ్లో ఒక పసిపాప. "నా మనవరాలు. పోయినసారి ఆ తెర వెనక నిద్రపోతోంది. అందుకే రంగు కూడా మిమ్మల్ని గుసగుసగానే అడిగాను."

గుసగుస అందుకా? మరి ఆ నవ్వు? చిన్ని ఆయన్నే గమనించింది. సుత్తిని చూసినా ఆయన ముఖంలో అదే నవ్వు. ఆయన తీరే అంత.

అయినా తోలు సంగతి తేలలేదు కదా!

చెప్పులో చిన్ని పాదాన్ని చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

"చాలా బిగుతుగా ఉందే! ఇంత తేడా ఎలా వచ్చింది?"

"మీరు సరిగ్గా కొలవలేదేమో. రేపు పిల్ల ఏం వేసుకుని వెళుతుందండీ?" అమ్మ గొంతు పెంచింది.

"నా చెయ్యే తప్పిందో ఏమో. కళ్లు కూడా మునుపటిలా లేవమ్మా. మళ్లీ కొలుస్తాను. సాయంత్రానికల్లా పట్టీలు మార్చి ఇస్తాను."

ఆయన కాగితం పరిచాడు. చిన్ని దాని మీద పాదం పెట్టింది. బల్ల మీద కూర్చున్న ఒకావిడ వంగి చూసింది. అంతే, చిన్ని వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుపోయాయి.

చిన్ని తన వేళ్ల వంక చూసుకుంది. ఆ రోజూ ఇంతే. ఎవరైనా పాదాలు చూస్తే వేళ్లు దాక్కుంటాయి. ఆయన గీసింది దాక్కున్న పాదాన్ని.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం తన కళ్లను తనే అనుమానిస్తూ ఉంటాడు.

"అమ్మా, ఆయన్ని ఏమీ అనకు. ఆ రోజు నేనే వేళ్లు ముడుచుకున్నాను. పాదం చిన్నగా కనిపిస్తుందని."

చెప్పులాయన పెన్సిల్ పట్టుకుని ఎదురుచూశాడు. బల్ల మీది ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

చూడనీ.

చిన్ని ఒక్కో వేలినీ విప్పి, పాదాన్ని కాగితం మీద నిండుగా ఆనించింది.