నాన్నకు నాలుగు రోజుల ఛుట్టీ

"వేరే డ్రైవర్ ఎందుకు మామా? మా నాన్న లేడా?" అంది షెకినా.

సండే స్కూల్ పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. దసరా సెలవుల్లో వాళ్లంతా సంతపూర్ చర్చిలో పాటలు పాడటానికి వెళ్లాలి. రేపే ప్రయాణం. వ్యాన్ సిద్ధంగా ఉంది, డ్రైవర్‌కే జ్వరం. టీచర్ సాల్మన్ మామ పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

"మీ నాన్నకు బస్ డ్యూటీ లేదా?" అన్నాడు.

"లేదు మామా. ఆదివారం దాకా నాలుగు రోజులు ఛుట్టీ. ఇంట్ల ఊకెనే కూసున్నడు. నేను చెప్తే వస్తడు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. షెకినా నాన్న బర్నబా రోజూ బీదర్ నుంచి ఔరాద్‌కు బస్సు నడుపుతాడు. ఆయన బ్రేక్ వేస్తే చేతిలో చాయ్ కూడా ఒలకదని పేరు. ఆ పేరులో సగం షెకినా ప్రచారమే. ముందు సీటు తనదేనని అక్కడికక్కడే ప్రకటించి, ఆమె ఇంటికి బయలుదేరింది.

ఇంట్లో నాన్న వంటగది గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఎస్తర్ జొన్నరొట్టెను పెనం మీద నుంచి తీసి నేరుగా ఆయన పళ్లెంలో వేసింది. రొట్టె పొంగి ఉంది. నాన్న దాన్ని వేలితో పొడిచాడు. బుస్సుమని ఆవిరి వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మామూలు రోజుల్లో ఆయన రొట్టెలు తెల్లవారకముందే డబ్బాలోకి వెళ్తాయి. మధ్యాహ్నం ఔరాద్ బస్టాండులో మూత తీసేసరికి అట్టముక్కల్లా ఉంటాయి. ఆరేళ్లలో ఆయన అడిగి తీసుకున్న మొదటి సెలవు ఇది. ఎక్కడికి పోదామని అమ్మ అడిగితే, "యాడికీ వద్దు. రోజు పోతనే ఉన్న గద" అన్నాడు. నిన్న మధ్యాహ్నం పడుకున్నాడు. సాయంత్రం, లేవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు.

"నాన్నా, రేపు ఆరింటికి నువ్వు మా వ్యాన్ నడపాలె. సంతపూర్‌కు. నేను మాటిచ్చిన."

నాన్న చేతిలోని ముక్క నోటిదాకా పోలేదు.

"సంతపూర్‌కా? గదే ఔరాద్ రోడ్డు" అన్నాడు మెల్లగా. ముక్కను పళ్లెంలో పెట్టేసి, "సరే బిడ్డా. మాటిచ్చినవు గద" అన్నాడు.

చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి నాలుగున్నరకు అలారం పెట్టాడు. పళ్లెంలో సగం రొట్టె మిగిలింది. అమ్మ అప్పుడే తట్టిన రొట్టెను మళ్లీ పిండిముద్ద చేసేసింది.

ఆ ముద్దను చూస్తే షెకినాకు ఎట్లాగో అనిపించింది. ఒకసారి అమ్మ షెకినా రంగుల డబ్బాను ఆమెను అడగకుండా పక్కింటి పాపకు ఇచ్చేసింది. అప్పుడు షెకినా రెండు రోజులు అన్నం మానేసింది. నిజానికి రెండు పూటలే.

"అమ్మా, ఇప్పుడే వస్త" అని పరుగెత్తింది.

సాల్మన్ మామ ఇంట్లో పాట ప్రాక్టీసు నడుస్తోంది.

"మామా, తప్పయింది. నాన్నను అడగకుంటనే చెప్పిన. ఆయన రాడు."

పాట ఆగింది. పిల్లల్లో అందరినీ ఆటపట్టించే పాల్ ఊరుకుంటాడా?

"గింత జల్దీ బ్రేక్‌డౌనా? గంత పెద్ద డ్రైవరు ఇంట్ల ఏం జేస్తుండు?"

షెకినా చెవులు వేడెక్కాయి. ముందు సీటు పోయింది. దాని వెనకే పరువు కూడా దిగిపోయేలా ఉంది. అయినా తల ఎత్తింది.

"వేడి రొట్టె తింటుండు. రోజు అందరిని ఇండ్లకు చేరుస్తడు గద. గీ నాలుగు రోజులు ఆయన ఇంటికి చేరిండు."

సాల్మన్ మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. మనం ఏడింటి బస్సుల పోదాం. పాల్, డోలక్ నువ్వు మోస్తవు."

షెకినా ఇంటికొచ్చి సంగతి చెప్పింది. నాన్న అలారం తీసేసి, పీట మళ్లీ లాక్కున్నాడు. అమ్మ పొయ్యి వెలిగించింది.

అంతలో ఎవరో తలుపు కొట్టారు. షెకినా వెళ్లి తీసింది. పక్కింటి సిద్ధప్ప మామ, చేతిలో కారు తాళాలు.

"బర్నబన్న ఉన్నడా? జర భాల్కి దాకా పోయి రావాలె."

షెకినా రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఉన్నడు మామా" అంది, డిపో మేనేజర్‌లా. "కానీ సోమవారం దాకా దొరకడు."